నావి పిళ్లై: క్లేర్‌వుడ్ బడిపిల్ల అరూషా ధర్మాసనం మీద అడిగిన ప్రశ్నలు

తెనాలి_టీచర్

సభ్యులందరికీ నమస్కారం. మా పదో తరగతి పిల్లలకు ఐక్యరాజ్య సమితి పాఠం చెబుతుండగా ఒక అమ్మాయి లేచి, "అంతర్జాతీయ కోర్టుల్లో ఆడవాళ్లు జడ్జీలుగా ఉంటారా టీచర్? ఉంటే వాళ్లు ఇచ్చిన తీర్పుల్లో ఏమైనా తేడా ఉంటుందా?" అని అడిగింది. మొదటి ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పగలిగాను. రెండోదానికి చెప్పలేక వారం రోజులుగా చదువుతున్నాను. చదివినవాటిలో దక్షిణాఫ్రికాకు చెందిన నవనీతం పిళ్లై గారి జీవితం నన్ను వదలడం లేదు. లోకానికి ఆమె నావి పిళ్లైగా తెలుసు.

ఆమె 1941 సెప్టెంబరు 23న డర్బన్ నగరంలోని క్లేర్‌వుడ్ అనే పేటలో పుట్టారు. తండ్రి బస్సు డ్రైవరు. ఆరేళ్ల వయసులో ఆమె చేతిలో ఉన్న తండ్రి జీతం డబ్బును ఒకడు దోచుకుపోతే, ఆ పసిపిల్ల కోర్టులో నిలబడి సాక్ష్యం చెప్పింది. దొంగకు శిక్ష పడింది కానీ డబ్బు మాత్రం తిరిగి రాలేదు. తరువాత ఆమె చదువుకు క్లేర్‌వుడ్‌లోని భారతీయ కుటుంబాలు చందాలు వేసుకున్నాయి. ఆ సాయంతో నాటాల్ విశ్వవిద్యాలయంలో 1963లో బి.ఏ., 1965లో న్యాయశాస్త్ర పట్టా పొందారు. ఏ లా ఆఫీసూ ఆమెను చేర్చుకోలేదు, ఎందుకంటే తెల్ల ఉద్యోగులు నల్లచర్మం ఉన్న మనిషి చెప్పిన పని చేయవలసి రావడం ఆనాటి సమాజానికి ఊహకందని విషయం. అందుకని 1967లో ఆమె సొంతంగా ఆఫీసు తెరిచారు. నాటాల్‌లో సొంత ప్రాక్టీసు పెట్టిన మొట్టమొదటి శ్వేతేతర మహిళ ఆమే.

ఇరవై ఎనిమిదేళ్లు న్యాయవాదిగా పనిచేసినా తన చర్మం రంగు కారణంగా ఒక్క జడ్జి చాంబర్‌లోనూ ఆమె అడుగుపెట్టలేకపోయారు. 1995లో మండేలా ప్రభుత్వం ఆమెను హైకోర్టులో తాత్కాలిక న్యాయమూర్తిగా నియమించినప్పుడు, తాను మొట్టమొదట ప్రవేశించిన జడ్జి చాంబరు తన సొంత చాంబరేనని ఆమె చెప్పుకున్నారు. ఈ ఒక్క సంగతి విని మా పిల్లలు చాలాసేపు మాట్లాడలేదు. మిగతా కథ చెప్పడానికి నాకు న్యాయశాస్త్రం రాదు. తెలిసినవారు సాయం చేయాలని కోరుతున్నాను.

నాటాల్_నివాసి

టీచర్ గారూ, నేను ఉద్యోగరీత్యా కొన్నేళ్లు డర్బన్‌లో ఉన్నాను కనుక ఆ పరిసరాల గురించి కొంత చెప్పగలను. అక్కడి భారతీయుల చరిత్ర 1860 నవంబరు 16న మద్రాసు నుంచి వచ్చిన ట్రూరో అనే ఓడతో మొదలవుతుంది. 1911 దాకా సుమారు 1,52,000 మంది ఒప్పంద కూలీలుగా నాటాల్ చెరకు తోటలకు చేరారు. వారిలో మద్రాసు రేవు నుంచి వచ్చినవారే ఎక్కువ, తమిళులతో పాటు తెలుగు జిల్లాల వారూ గణనీయంగా ఉన్నారు. నేటికీ డర్బన్ వీధుల్లో నాయుడు, రెడ్డి అనే ఇంటిపేర్లు కనిపిస్తాయి. ఆ దేశపు ఆంధ్ర మహాసభ 1931లోనే ఏర్పడింది. పిళ్లై గారి కుటుంబం తమిళ మూలాలున్నది కాబట్టి ఆమెను మన తెలుగింటి ఆడపడుచుగా చెప్పుకోవడం సరికాదు. అయితే ఆమె తాతముత్తాతల తరం ఎక్కివచ్చిన ఓడల్లోనే మనవాళ్లూ వచ్చారన్నది నిజం.

మీరు చందాల గురించి రాసిన మాట దగ్గర నేను ఆగిపోయాను. చెరకు తోటల ఒప్పందం తీరిన తరువాత ఆ కుటుంబాలు క్లేర్‌వుడ్ ప్రాంతంలో కూరగాయలు పండించుకుని, చిన్న ఉద్యోగాలు చేసుకుని బతికాయి. గుళ్లూ బళ్లూ ఎవరూ కట్టిపెట్టింది లేదు, తమ డబ్బుతో తామే కట్టుకున్నారు. అలాంటి పేట ఒక ఆడపిల్లను న్యాయశాస్త్రం చదివించడానికి 1950ల చివర్లో చేతులు కలిపిందంటే అది ఆ పేటకే గౌరవం. నేను చూసేనాటికి క్లేర్‌వుడ్‌లో ఇళ్లకన్నా లారీలు నిలిపే స్థలాలే ఎక్కువ కనిపించాయి.

ఆమె భర్త గాబీ పిళ్లై గారు కూడా న్యాయవాదే. 1971లో వర్ణవివక్ష చట్టాల కింద ఆయనను నిర్బంధించినప్పుడు, పోలీసులు చిత్రహింసలతో విచారణ జరపకుండా నిరోధించాలని ఆమె కోర్టుకెక్కారు. 1973లో రాబెన్ ద్వీపపు ఖైదీలకు న్యాయవాదులను కలుసుకునే హక్కును సాధించారు. ఆ ఖైదీలలో మండేలా ఒకరు. ఆయన ప్రభుత్వమే ఇరవై రెండేళ్ల తరువాత ఆమెను న్యాయపీఠం మీద కూర్చోబెట్టింది.

చరిత్ర_విద్యార్థిని

టీచర్ గారి విద్యార్థిని వేసిన రెండో ప్రశ్నకు నాకు తెలిసినంతలో జవాబు రువాండా కేసులో ఉంది. కొంచెం దీర్ఘంగా రాస్తున్నందుకు మన్నించండి.

1994 ఏప్రిల్ నుంచి జులై దాకా రువాండాలో టుట్సీ తెగవారి మీద జాతిహననం జరిగింది. ఆ నవంబరు 8న భద్రతా మండలి 955వ తీర్మానం ద్వారా ఒక అంతర్జాతీయ నేర ట్రిబ్యునల్‌ను ఏర్పాటు చేసింది. అది టాంజానియాలోని అరూషా పట్టణంలో పనిచేసింది. 1995లో సర్వసభ్య సమితి పిళ్లై గారిని దానికి న్యాయమూర్తిగా ఎన్నుకుంది. మొదటి నాలుగేళ్లు ఆ న్యాయమూర్తుల్లో మహిళ ఆమె ఒక్కరే.

ఆ ట్రిబ్యునల్ ముందుకు వచ్చిన తొలి విచారణల్లో ఒకటి ఝాఁ పాల్ అకయేసు అనే వ్యక్తిది. అతడు టాబా అనే కమ్యూనుకు పెద్ద. మన లెక్కలో మండలాధ్యక్షుడి వంటి పదవి అనుకోవచ్చు, కాకపోతే అతడి చేతిలో పోలీసు అధికారం కూడా ఉండేది. పూర్వాశ్రమంలో ఉపాధ్యాయుడు. చిత్రమేమిటంటే, తొలి రోజుల్లో అతడు హత్యలను అడ్డుకున్నాడని తీర్పే చెబుతుంది. ఏప్రిల్ 18న తాత్కాలిక ప్రభుత్వ నాయకులతో జరిగిన సమావేశం నుంచి తిరిగి వచ్చాక మారిపోయాడు. టాబాలో కనీసం 2,000 మంది టుట్సీలు హతులయ్యారు.

1997 జనవరిలో విచారణ మొదలైనప్పుడు అభియోగపత్రంలో లైంగిక హింస గురించి ఒక్క ముక్క కూడా లేదు. ఈ మాట మళ్లీ ఒకసారి చదవండి. కమ్యూను కార్యాలయ ఆవరణలో తలదాచుకున్న స్త్రీల మీద జరిగిన ఘోరాలు ఊరందరికీ తెలిసినా, దర్యాప్తు చేసినవారి కాగితాల్లోకి ఎక్కలేదు. హత్యల గురించి చెప్పడానికి బోనెక్కిన 'జె' అనే సాక్షి, మాటల మధ్యలో, తన ఆరేళ్ల కూతురిని ముగ్గురు ఇంటరాహామ్వే మిలీషియా మనుషులు చెరిచారని చెప్పింది. న్యాయమూర్తులు అక్కడ ఆగి, ఆమెను మరిన్ని ప్రశ్నలు అడిగారు. తరువాత వచ్చిన 'హెచ్' అనే సాక్షి తన మీద జరిగిన అత్యాచారం గురించీ, కార్యాలయం దగ్గర చూసినవాటి గురించీ చెప్పింది. విచారణ వాయిదా పడింది, ప్రాసిక్యూషన్ మళ్లీ దర్యాప్తు చేసింది, 1997 జూన్ 17న అభియోగపత్రం సవరించబడింది.

1998 సెప్టెంబరు 2న సెనెగల్‌కు చెందిన లైటీ కామా, స్వీడన్‌కు చెందిన లెనార్ట్ ఆస్పెగ్రెన్, పిళ్లై గారు కలిసి ఇచ్చిన తీర్పులో పదిహేను అభియోగాలకు తొమ్మిది రుజువయ్యాయి. 1948 నాటి జాతిహనన ఒడంబడిక కింద ఒక అంతర్జాతీయ న్యాయస్థానం ఒక మనిషిని దోషిగా తేల్చడం అదే మొదటిసారి. అత్యాచారం కూడా జాతిహనన సాధనం కాగలదని తేల్చడమూ అదే మొదటిసారి. అక్టోబరు 2న యావజ్జీవ శిక్ష విధించారు. 2001 జూన్ 1న అప్పీలులోనూ అది నిలిచింది.

హనుమకొండ_వకీలు

చరిత్ర విద్యార్థిని గారు వివరంగా రాశారు. న్యాయవాదిగా నేను రెండు విషయాలు చేర్చదలిచాను.

మొదటిది నిర్వచనం. అంతకుముందు అంతర్జాతీయ చట్టంలో అత్యాచారానికి ఒక నిర్వచనమంటూ లేదు. దేశాల శిక్షాస్మృతులు శరీర భాగాల జాబితాతో, సమ్మతి ఉందా లేదా అనే ప్రశ్నతో దాన్ని కొలిచేవి. అకయేసు తీర్పు ఆ జాబితా పద్ధతిని వద్దనుకుంది. చిత్రహింసను నిషేధించే ఒడంబడిక ఏయే పనులు చిత్రహింస అవుతాయో పట్టిక ఇవ్వకుండా, అధికారం అండతో మనిషిని ఎలా విరిచివేస్తారన్నదాని మీద దృష్టి పెట్టింది కదా, ఇదీ అలాగే చూడాలని తీర్పు అంది. నిర్బంధ పరిస్థితుల్లో ఒక వ్యక్తి మీద జరిగే లైంగిక స్వభావం గల శారీరక ఆక్రమణే అత్యాచారమని చెప్పింది. ఆ నిర్బంధానికి దెబ్బలే రుజువు కానక్కరలేదని, శరణు కోరి వచ్చిన టుట్సీ స్త్రీల చుట్టూ కత్తులు పట్టుకున్న మిలీషియా తిరుగుతూ ఉండటమే నిర్బంధమని తేల్చింది.

దీని విలువ మన న్యాయ చరిత్ర తెలిసినవారికి వెంటనే బోధపడుతుంది. 1978లో మన సుప్రీంకోర్టు ఒక పోలీసు స్టేషనులో జరిగిన అత్యాచారం కేసులో, బాలిక ఒంటి మీద గాయాలు లేవన్న కారణం చూపి పోలీసులను విడిచిపెట్టింది. స్టేషను గోడల మధ్య రాత్రివేళ ఒక పేద గిరిజన బాలిక నోరెత్తకపోవడాన్ని సమ్మతిగా భావించింది. నలుగురు న్యాయశాస్త్ర ఆచార్యులు సుప్రీంకోర్టుకు బహిరంగ లేఖ రాశారు, దేశమంతా ఆందోళన జరిగింది, 1983లో చట్టం మారింది. కస్టడీలో జరిగినప్పుడు బాధితురాలు సమ్మతించలేదంటే కోర్టు ఆ మాటనే నమ్మి మొదలుపెట్టాలన్న సూత్రం అప్పుడు వచ్చింది. టాబా కార్యాలయపు ఆవరణకూ ఆ పోలీసు స్టేషనుకూ వేల మైళ్ల దూరం ఉన్నా, చట్టం తనను తాను వేసుకోవలసిన ప్రశ్న ఒకటే.

రెండోది, ఘనత ఎవరిదన్న విషయం. పిళ్లై గారి మీద నాకు అపార గౌరవం ఉంది, కానీ ఆమె ఒక్కరే ఈ తీర్పును సాధించారన్నట్లు రాయడం అన్యాయం. ముగ్గురు న్యాయమూర్తులూ ఏకాభిప్రాయంతో ఇచ్చిన తీర్పు అది. మహిళా సంఘాల కూటమి ఒకటి కేసులో తాను పక్షం కాకపోయినా కోర్టుకు సలహాగా పత్రం సమర్పించి అభియోగాలను సవరించాలని కోరింది. ప్రాసిక్యూటర్లు మళ్లీ టాబా వెళ్లి సాక్షులను కలిశారు. అన్నింటికన్నా ముందు ఆ స్త్రీలు నోరు విప్పారు.

కృష్ణాతీరం

వకీలు గారి రెండో మాటతో ఏకీభవిస్తూ, నా సందేహం ఒకటి మర్యాదపూర్వకంగా మీ ముందు పెడుతున్నాను. పిళ్లై గారు న్యాయమూర్తి కావడానికి ముందు గృహహింస బాధితుల కోసం సలహా కేంద్రం స్థాపించడంలో పాలుపంచుకున్నారు. 1992లో ఈక్వాలిటీ నౌ అనే అంతర్జాతీయ మహిళా హక్కుల సంస్థ వ్యవస్థాపకుల్లో ఒకరు. అంతటి ఉద్యమ నేపథ్యం ఉన్న వ్యక్తి అత్యాచార కేసును విచారిస్తే, ముద్దాయి తనకు నిష్పాక్షిక విచారణ దొరకలేదని అనుకోడా? మనకు నచ్చిన ఫలితం వచ్చింది కాబట్టి ఈ ప్రశ్నను పక్కన పెట్టడం భావ్యం కాదు.

హనుమకొండ_వకీలు

కృష్ణాతీరం గారూ, మీరు అడిగిన ప్రశ్ననే ఒక ముద్దాయి నిజంగా వేశాడు, మరొక ఆఫ్రికన్ మహిళా న్యాయమూర్తి విషయంలో. జాంబియాకు చెందిన ఫ్లోరెన్స్ ముంబా గారు 1980లో తమ దేశపు తొలి మహిళా జడ్జి అయ్యారు. 1997 నుంచి మాజీ యుగోస్లావియా ట్రిబ్యునల్‌లో పనిచేశారు. ఫురుంజియా అనే బోస్నియా క్రొయేట్ కమాండరు కేసులో 1998 డిసెంబరులో వచ్చిన తీర్పుకు ఆమె అధ్యక్షత వహించారు. శిక్ష పడ్డాక అతడు అప్పీలులో, ఆమె గతంలో ఐక్యరాజ్య సమితి మహిళా స్థితిగతుల కమిషన్‌లో పనిచేశారు కాబట్టి తన అత్యాచార కేసు వినడానికి అర్హురాలు కారని వాదించాడు.

2000 జులైలో అప్పీలు ధర్మాసనం ఆ వాదనను తోసిపుచ్చింది. ఒక ఆశయాన్ని సమర్థించడం వేరు, ఒక నిర్దిష్ట కేసులో ఒక నిర్దిష్ట మనిషి పట్ల ముందే నిర్ణయానికి రావడం వేరని స్పష్టం చేసింది. ఆ తర్వాత 2001 ఫిబ్రవరి 22న బోస్నియాలోని ఫోచా పట్టణపు కేసులో, స్త్రీలను నిర్బంధించి లైంగిక బానిసలుగా వాడుకోవడం మానవాళిపై నేరమైన బానిసత్వమే అని తేల్చిన ధర్మాసనానికి అధ్యక్షురాలు ఈ ముంబా గారే. హత్యను అసహ్యించుకునే జడ్జి హత్య కేసు వినరాదని ఎవరూ అనరు. అత్యాచారం దగ్గరికి వచ్చేసరికే ఆ అనుమానం మన మనసులోకి ఎందుకు వస్తోందో, మీరూ నేనూ కూడా ఆలోచించుకోవాలి.

కృష్ణాతీరం

వకీలు గారి జవాబు నన్ను చాలావరకు ఒప్పించింది. ముంబా గారి కేసు నాకు తెలియదు, కృతజ్ఞతలు. అయినా పిళ్లై గారి మరొక తీర్పు విషయంలో నా ఆలోచన మిగిలే ఉంది. 2003 డిసెంబరు 3న ఆమె అధ్యక్షతన వెలువడిన మీడియా కేసు తీర్పు అది. రువాండాలో టుట్సీల మీద ద్వేషం రెచ్చగొట్టిన ఆర్‌టీఎల్‌ఎం రేడియో స్థాపకుల్లో ఒకడైన నహిమానా చరిత్ర ఆచార్యుడు. తుపాకీ గానీ కత్తి గానీ పట్టకుండానే వేలమంది మరణానికి కారకుడివయ్యావని ధర్మాసనం అతడితో అన్నది. ఆ మాటలోని సత్యాన్ని నేను కాదనను. రేడియోలో పేర్లు చదివితే ఆ పేర్ల వాళ్లు చచ్చిపోయిన దేశమది. అయితే 2007 నవంబరులో అప్పీలు ధర్మాసనం ఆ తీర్పులో కొంత భాగాన్ని కొట్టివేసింది. కుట్ర అభియోగం నిలవలేదు, ఆ కేసులోని ముద్దాయిలు ముగ్గురికీ శిక్షలు తగ్గి 30, 32, 35 ఏళ్లయ్యాయి. ద్వేషం పుట్టించే మాటకూ హత్యకు పురికొల్పే మాటకూ మధ్య గీత గీయడం ఎంత కష్టమో ఇది చూపుతుంది. పిళ్లై గారి గొప్పదనం చెప్పేటప్పుడు ఈ సవరణను కూడా పిల్లలకు చెప్పాలని నా మనవి.

తెనాలి_టీచర్

తప్పక చెబుతాను. పై కోర్టు సరిదిద్దిందని చెబితే న్యాయవ్యవస్థ మీద పిల్లలకు నమ్మకం పెరుగుతుందే గానీ తగ్గదు. ఒక చిన్న సందేహం: హేగ్ నగరంలోని అంతర్జాతీయ న్యాయస్థానంలోనూ ఆఫ్రికా మహిళలు ఉన్నారా?

నాటాల్_నివాసి

ఉన్నారండి. ఉగాండాకు చెందిన జూలియా సెబుటిండె గారు 2012 ఫిబ్రవరిలో అక్కడ న్యాయమూర్తి అయ్యారు. ఆ పీఠమెక్కిన తొలి ఆఫ్రికన్ మహిళ ఆవిడే. అంతకుముందు సియెర్రా లియోన్ ప్రత్యేక న్యాయస్థానంలో ఉండగా, యుద్ధంలో బాలికలను ఎత్తుకుపోయి 'భార్యలు'గా ఉంచుకోవడం గురించి 2007లో విడిగా అభిప్రాయం రాశారు. 2024 జనవరిలో గాజా విషయమై దక్షిణాఫ్రికా వేసిన దావాలో తాత్కాలిక ఉత్తర్వులను ఆమె వ్యతిరేకించారు, ఆ అభిప్రాయం తమ దేశానిది కాదని ఉగాండా ప్రభుత్వం ప్రకటించింది. మరోపక్క, పిళ్లై గారి అధ్యక్షతన ఉన్న ఐక్యరాజ్య సమితి విచారణ సంఘం 2025 సెప్టెంబరు 16న, గాజాలో జరిగినది జాతిహననమేనని నివేదిక ఇచ్చింది. ఆ సంఘం కోర్టు కాదు, రుజువుకు వాడిన కొలమానమూ ఒకటే కాదు, మధ్యలో ఇరవై నెలల కాలం గడిచింది. కనుక రెండింటినీ నేరుగా పోల్చరాదు. కానీ ఆఫ్రికా మహిళా న్యాయమూర్తులంటే అందరూ ఒకే మాట మాట్లాడతారని ఎవరైనా అనుకుంటే, ఆ భ్రమ పోవడానికి ఇది చాలు.

పిళ్లై గారి మిగతా ఉద్యోగ జీవితం క్లుప్తంగా: అరూషా ట్రిబ్యునల్ అధ్యక్షురాలిగా 1999 నుంచి 2003 దాకా, తరువాత అంతర్జాతీయ నేర న్యాయస్థానపు తొలి పద్దెనిమిది మంది న్యాయమూర్తుల్లో ఒకరిగా అప్పీళ్ల విభాగంలో, 2008 నుంచి 2014 దాకా ఐక్యరాజ్య సమితి మానవ హక్కుల హైకమిషనర్‌గా పనిచేశారు. రోహింగ్యాల విషయమై మయన్మార్ మీద గాంబియా వేసిన దావాలో గాంబియా ఎంచుకున్న ప్రత్యేక న్యాయమూర్తి కూడా ఆమే.

తెనాలి_టీచర్

మీ అందరి రాతలు ప్రింటు తీసి రెండుసార్లు చదివాను. ఒక్క విషయం నా కంటికి తగిలింది. క్లేర్‌వుడ్‌లో సాక్ష్యం చెప్పినప్పుడు ఆమెకు ఆరేళ్లు. సాక్షి 'జె' కూతురికీ ఆరేళ్లే. బోనులో నిలబడిన పసితనం ఎలా ఉంటుందో తెలిసిన న్యాయమూర్తి కనుకనే ఆ తల్లి మాట దాటిపోకుండా ఆగారేమోనని నాకు అనిపిస్తోంది. ఇలా పిల్లలకు చెప్పవచ్చునా?

చరిత్ర_విద్యార్థిని

టీచర్ గారూ, రెండు వయసులూ ఒకటేనని చెప్పండి, కానీ ఒకదాని వల్లే మరొకటి జరిగిందని మాత్రం చెప్పకండి. అలా చెబితే వకీలు గారు హెచ్చరించినట్లు కథ మళ్లీ ఒక్క మనిషి చుట్టూ తిరుగుతుంది. పైగా ఇతర న్యాయమూర్తులు ప్రశ్నలు అడగడానికి వాళ్లకు అలాంటి బాల్యం అవసరమైందా? నేను మీ విద్యార్థినికి ఇలా జవాబు చెబుతాను: మహిళ ఉన్నందుకు చట్టం మారలేదు. కాగితంలో లేని మాట సాక్షి నోట వచ్చినప్పుడు, "ఇది ఈ కేసుకు సంబంధం లేదు" అని తోసివేయడం ఏ కోర్టులోనైనా తేలిక. ఆ ధర్మాసనం తోసివేయలేదు. అందులో ఒక స్త్రీ ఉండటం వల్ల ఆ తోసివేత కష్టమైంది.

మీరు పిల్లలకు చెప్పాలని నేను కోరే మరో సాక్షి 'జెజె'. ఆమె కమ్యూను కార్యాలయం దగ్గర పదేపదే అత్యాచారానికి గురైంది. అకయేసు ఆమెను తాకలేదు. గుమ్మం దగ్గర నిలబడి, టుట్సీ స్త్రీ గురించి మిలీషియాతో ఒక నీచమైన మాట అన్నాడు, అది ఆమె చెవిన పడింది. చేసింది ఇతరులే అయినా ప్రోత్సహించింది ఇతడేనని కోర్టు తేల్చడానికి ఆధారమైన వాటిలో, ఆమె గుర్తుపెట్టుకుని వచ్చి అరూషాలో చెప్పిన ఆ మాట ఒకటి.

తెనాలి_టీచర్

అర్థమైందమ్మా. అలాగే చెబుతాను. ఒక్కటి మాత్రం అడుగుతాను: ఈ స్త్రీల పేర్లు ఎక్కడా లేవేమిటి, అన్నీ అక్షరాలేనా?

హనుమకొండ_వకీలు

అవునండి, అన్నీ అక్షరాలే. సాక్ష్యం చెప్పాక వాళ్లు తిరిగి వెళ్లవలసింది ఆ ఊళ్లకే. ఇరుగుపొరుగున చంపినవారి కుటుంబాలు ఉంటాయి. అందుకని 'జె', 'హెచ్', 'జెజె', 'ఓఓ', 'కెకె', 'ఎన్ఎన్' అని అక్షరాలతోనే వారిని పిలిచారు, తీర్పులోనూ అలాగే రాశారు. ట్రిబ్యునల్ 2015 డిసెంబరు 31న మూతపడింది. ఆ రికార్డులు అరూషాలోనే భద్రంగా ఉన్నాయి, తీర్పులో మాత్రం ఆ స్త్రీలు నేటికీ అక్షరాలే.